ఐదో గట్టు తమ్ముడు

పోయిన వారం ఎస్సై హెప్సిబాను బొజ్జయ్య ఇంటి ముందు నులక మంచం మీద కూర్చోబెట్టి, చేతిలో ఒక తెల్లకాగితం పెట్టి, మనం మన పనుల్లో పడిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే కూర్చుని ఉంది. కాగితం ఇంకా తెల్లగానే ఉంది.

ఇప్పుడే వచ్చి చేరిన పాఠకులకు రెండు ముక్కలు చెప్పుకుందాం. జూలూరుపాడు దాటి అడవి దారి పట్టాక వచ్చే చిన్న కోయగూడెంలో బొజ్జయ్య, జంపక్కల ఒక్కగానొక్క కొడుకు రాజేష్. డిగ్రీ చదివాడు. బ్యాంకాక్‌లో కంప్యూటర్ ఉద్యోగమంటూ ఒకడు వచ్చి తీసుకుపోయాడు. తీరా అక్కడ దిగాక ఎవరో నది దాటించి, మయన్మార్‌లో ఎత్తైన గోడల మధ్య ఒక కాంపౌండ్‌లో పడేశారు. అక్కడ చేసే ఉద్యోగం ఒకటే. ముక్కూ మొహం తెలియని మనుషులతో ఫోన్లో స్నేహం చేయాలి, నమ్మించాలి, నిండా ముంచాలి. చేయనంటే దెబ్బలు. పద్నాలుగు నెలల తర్వాత అక్కడ సోదా జరిగిన రోజున వందలమందితో పాటు రాజేష్ బయటపడ్డాడు. ఇల్లు చేరి మూడు వారాలైంది.

తీసుకుపోయినవాడి పేరు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ చెప్పడం లేదు. బొజ్జయ్య చెప్పడు. బొజ్జయ్య వద్దన్నాడు కాబట్టి జంపక్క చెప్పదు, రాజేష్ చెప్పడు. కొత్తగూడెంలో సైబర్ కేసులు చూసే హెప్సిబా మూడోసారి వచ్చింది. ఆమెకు కంగారు ఎందుకంటే, ఈ చుట్టుపక్కల గూడేల నుంచి సోమవారం ఇంకో కుర్రాడు బయల్దేరుతున్నాడని కబురు అందింది. ఆ కుర్రాడెవరో తెలియదు, తీసుకుపోయేవాడెవడో తెలియదు. ఇవాళ శనివారం. పోయిన వారం చివర్లో బొజ్జయ్య అన్న మాట మీకు గుర్తుండే ఉంటుంది. "ఆ పేరు నా నోట రాదు బిడ్డా."

"ఎందుకు రాదు పెద్దనాయినా?" అంది హెప్సిబా.

బొజ్జయ్య మోకాలికి ఆముదం రాసుకుంటున్నాడు. ఆ రోజు భూమి పండుగ. తొలకరికి ముందు విత్తనాలను వేల్పు ముందు పెట్టి, ఆ తర్వాతే చేలో చల్లే పండుగ. గూడెంలో నడవగలిగిన మగవాళ్లంతా ఆచారం ప్రకారం పొద్దున్నే అడవికి వెళ్లారు. ఉత్త చేతులతో తిరిగొచ్చిన వాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు గుమ్మరిస్తారు. మోకాలి నొప్పి పుణ్యమా అని ఆ గండం తప్పినందుకు ముసలాయన లోపల్లోపల సంతోషంగానే ఉన్నాడని జంపక్కకు అనుమానం.

ఆడవాళ్ల పండుగ వేరే. వాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురుకర్ర పట్టుకుని పాటలు పాడుతూ వచ్చిపోయే బండ్లను ఆపుతారు. లారీ అయినా, బస్సయినా, పెద్ద ఆఫీసరు కారైనా పండుగ కానుక ఇచ్చే కదలాలి. ఏటా ఈ గూడెం ఒక కర్ర పెట్టేది, పక్క గూడెం ఒక కర్ర పెట్టేది. కూతవేటు దూరంలో రెండుసార్లు ఆపితే ఎట్లాగని బస్సు డ్రైవర్లు గోల పెట్టడంతో, ఈసారి రెండు గూడేల పెద్దలు కూర్చుని కల్వర్టు దగ్గర ఒకటే కర్ర అని తేల్చారు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. ఆ పాట ఇక్కడికి వినిపిస్తూనే ఉంది.

"వాడు నా తమ్ముడు బిడ్డా," అన్నాడు బొజ్జయ్య.

"మీకు తమ్ముళ్లు లేరు గద. రేషన్ కార్డు కాడికెళ్లి అన్నీ చూసిన."

"తోడబుట్టినోడు కాదు. గట్టు తమ్ముడు. మాది ఐదో గట్టు. వాడిది గూడ ఐదే."

కోయవాళ్లలో ప్రతి ఇంటికీ ఒక గట్టు ఉంటుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు, అలా. ఒకే గట్టులో పుట్టినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా, ఎన్నడూ చూసుకోకపోయినా అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లే. వాళ్లందరి వేల్పు ఒక్కటే. పిల్లనిచ్చి పుచ్చుకోవడం వేరే గట్టుతోనే. హెప్సిబాకు ఇది వినికిడి ఉంది కానీ ఇంత బరువు ఉందని తెలియదు. ఖమ్మంలో పుట్టి, చర్చి పక్కింట్లో పెరిగిన మనిషి.

"మా చర్చిల గూడ అందరిని బ్రదర్, సిస్టర్ అనే అంటం పెద్దనాయినా. బ్రదర్ తప్పు చేస్తే మాత్రం స్టేషన్‌కు తీసుకపోతం."

బొజ్జయ్య ఆముదం చెయ్యి ఆపి ఆమెకేసి చూశాడు. "మీ దాంట్ల బ్రదర్లు, సిస్టర్లు పెండ్లి చేసుకోరా?"

"చేసుకుంటరు."

"మా దాంట్ల చేసుకోరు. గదీ తేడ."

హెప్సిబాది సరిగ్గా అట్లాంటి పెళ్లే. చర్చి గాయక బృందంలో పక్కపక్కన నిలబడి పాడిన బ్రదర్‌నే చేసుకుంది. ఇంకేమంటుంది? పడీ పడీ నవ్వింది. బొజ్జయ్య కూడా నవ్వాడు. నవ్వారు కదా అని కాగితం ముందుకు జరిపింది. ముసలాయన నవ్వు ఆపేశాడు.

"తమ్ముణ్ణి పోలీసోళ్లకు అప్పజెప్పి, వేల్పు ముందట నేనెట్ల నిలబడాలె? నువ్వే చెప్పు."

"మీ తమ్ముడు మీ కొడుకును అమ్ముకున్నడు."

"అమ్ముకున్నది ఆడి దేశపోళ్లు. వీనికేం తెల్వదు. మంచి నౌకరని తోలిండు. వీణ్ణి గూడ మోసం చేసినరు."

"ఆ మాట ఎవరు చెప్పిన్రు?"

"వాడే చెప్పిండు. ఫోన్ చేసి ఏడ్చిండు."

హెప్సిబాకు కోపం వచ్చింది. వచ్చిన కోపాన్ని మింగింది. ఈ పనిలో ఆరేళ్లుగా ఆమె నేర్చుకున్నది ఒకటుంది. పేరు అడిగితే మనిషి ముడుచుకుంటాడు, కథ అడిగితే విప్పుకుంటాడు. కాగితం మడిచి సంచిలో పెట్టేసింది.

"సరే, పేరొద్దు. మీ తమ్ముడు మొదటిసారి ఎట్ల వచ్చిండో అదన్న చెప్పండి."

గోడ నీడలో కూర్చున్న రాజేష్ తలెత్తాడు. విత్తనాలు పోయడానికి వెదురు బద్దలతో చిన్న బుట్ట అల్లుతున్నాడు. మూడు వారాలుగా అతను గడప దాటలేదు, నాలుగు మాటలకు మించి మాట్లాడలేదు. జ్వరమొచ్చి ఉద్యోగం వదిలేసి వచ్చాడని గూడెంలో చెప్పుకున్నారు. అయితే ఈ మధ్య అన్నం రెండోసారి పెట్టించుకుంటున్నాడు. జంపక్కకు అసలు పండుగ అది.

బొజ్జయ్యకు తమ్ముడి కథ చెప్పడమంటే సరదా. "రెండేండ్ల కింద, బీడీల తునికాకు కోసే దినాలు. నేను, ఇది గిక్కడ్నే కూసోని ఆకు కట్టలు కడుతున్నం. మోటరుసైకిల్ మీద వచ్చిండు. దూపైతుందన్నడు. నీళ్లిచ్చినం. గీ మంచం మీదనే కూసున్నడు. 'మీది ఏ గట్టన్నా' అని అడిగిండు. ఐదోదని చెప్పిన. చెంబు కింద పెట్టి లేచి నన్ను గట్టిగ కావలించుకున్నడు బిడ్డా. 'అన్నా, నాది గూడ ఐదే' అన్నడు. వాళ్లది చింతూరు అవతలనంట. మన వేల్పు పేరు నేను చెప్పంగనే చెంపలేసుకున్నడు. ఆ దినం నా తోటి సమానంగ కట్టలు కట్టిండు."

రాజేష్ చేతిలో బద్ద ఆగిపోయింది.

"నాయినా," అన్నాడు. "గట్టు సంగతి ముందుగాల ఎవరు చెప్పిన్రు? నువ్వా, వాడా?"

"వాడు అడిగిండు. నేను చెప్పిన."

"వేల్పు పేరు?"

"నేనే చెప్పిన. ఏందిరా?"

రాజేష్ తండ్రితో కాకుండా హెప్సిబాతో మొదలుపెట్టాడు. తండ్రి ముఖం చూస్తూ చెప్పే ధైర్యం లేదు.

"ఆడ మొదటి రోజు అందరికీ ఒక కాగితమిచ్చిన్రు మేడం. ఎట్ల మాట్లాడాల్నో అంత రాసి ఉంటది. మొదటి ముక్కనే గిది. ముందు మన సంగతి చెప్పొద్దు. ముందు అడగాలె. అవతలోళ్లు ఏం చెప్తే మనం గూడ గదే అనాలె. ఆమె టీచరంటే మా అమ్మ గూడ టీచరనాలె. కుక్కను పెంచుతున్ననంటే నేను గూడ పెంచుతున్ననాలె."

బుట్టలో ఇంకో బద్ద దూర్చాడు.

"నాకు ఒక ముసలాయన దొరికిండు. భార్య చచ్చిపోయింది. ఇంటెనక టమాటలు పెంచుకుంటడు. నేను గూడ టమాటలు పెంచుతనని రాసిన. నిజంగనే మేమేసినం గద, అబద్ధం కాదు గద అని మనసుకు చెప్పుకున్న. ఆయన రోజు పొద్దుగాల కాయల ఫోటోలు పంపేటోడు. పురుగు పడితే ఏం కొట్టాల్నో నన్నే అడిగేటోడు. నేను చెప్పేటోణ్ణి. ఆఖరికి ఆయన్ను గూడ ముంచిన."

ఈ మాటలు అతను ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. హెప్సిబా కాగితం తీయలేదు. రాసుకోవాల్సిన మాటలు వేరే, వినాల్సిన మాటలు వేరే అని ఆమెకు తెలుసు.

బొజ్జయ్యకు మాత్రం కోపం ముంచుకొచ్చింది. "అయితే ఏందంటవ్? గట్టు అడుగుడు మర్యాద. నేను గూడ అడుగుత. అడిగినోడల్ల దొంగనా?"

"కాదు నాయినా."

"మరి?"

రాజేష్ మళ్లీ బుట్ట అందుకున్నాడు. అంతే, మాట తెగిపోయింది. హెప్సిబాకు ప్రాణం ఉసూరుమంది. అనుమానమైతే ఆ ఇంట్లోకి వచ్చి కూర్చుంది గానీ, అనుమానం మీద ముసలాయన తమ్ముణ్ణి వదులుకోడు. ఆ స్థానంలో ఉంటే హెప్సిబా అయినా వదులుకోదు.

అప్పుడే రోడ్డు వైపు నుంచి జంపక్క వచ్చింది. వెంట పక్క గూడెం పిల్ల ప్రమీల, అంగన్‌వాడీలో ఆయా. ఇద్దరి ముఖాల నిండా పసుపూ బూడిదా. గుర్తుపట్టాలంటే గొంతు వినాల్సిందే.

"కర్ర ఇరిగిందిరా రాజేషూ! లారీ డ్రైవర్ తోటి అటు గుంజ, ఇటు గుంజ. ఇంకో బొంగు ఉన్నదా?" అంది జంపక్క. అని, హెప్సిబా వైపు తిరిగింది. "ఎస్సై బిడ్డా, జావ తాగినవా? ఈయన మాటల్తోనే కడుపు నింపుతడు, నమ్ముకోకు."

ఉడికించిన ఇప్పపూలు దొన్నెలో పెట్టి ఇచ్చింది. అడవి తియ్యదనం అది. కాస్త పొగ వాసన, కాస్త ఎండు ద్రాక్ష రుచి. హెప్సిబా దొన్నె ఖాళీ చేసి రెండోది కూడా పట్టింది. కేసు కదిలినా కదలకపోయినా ఈ మంచం మీద కూర్చోవడం బాగుందని ఆమెకు మొదటి రోజు నుంచీ అనిపిస్తోంది. చెట్ల నీడ, దూరం నుంచి పాట, ఎప్పుడూ ఏదో ఒకటి తినిపించే జంపక్క. స్టేషన్‌లో ఎవరికీ ఈ మాట చెప్పుకోలేదు.

ప్రమీల ఫోన్ మోగింది. ఆ పిల్ల ముఖం పసుపు కింద కూడా వెలిగింది.

"అన్నా! ఏడిదాక వచ్చినవ్? జూలూరుపాడు దాటినవా? అన్నం తిని రాకు, మా ఇంట్ల కోడి కోసినం. రా, జల్దీ రా." ఫోన్ పెట్టేసి జంపక్కతో అంది. "మా అన్న వస్తుండత్తా. అన్నంటే గట్టు అన్న. మా తమ్ముడు గోపాలు కాగితాలు తీసుకపోను వస్తుండు. సోమారం ఆణ్ణి బ్యాంకాక్..."

నాలుక కరుచుకుంది. ఎవరికీ చెప్పొద్దన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

రాజేష్ లేచి నిలబడ్డాడు. బుట్ట ఒళ్లోంచి దొర్లి మంచం కిందికి పోయింది.

"ఏ బ్యాంకాక్?"

"సీట్లు తక్కువున్నయి, నలుగురికి తెలిస్తే మన పిలగానికి రాదన్నడు. ఎవ్వరితోటి అనకుండ్రి మామా." ప్రమీల బొజ్జయ్యను బతిమాలుకుంది.

హెప్సిబా గొంతు పెంచలేదు. "మీ అన్న ఫోటో ఉన్నదా ప్రమీలా?"

ఉంది. పోయినసారి కొత్త పంట ఇంటికొచ్చాక చేసే కొత్తల పండుగకు తీసింది. వాళ్ల వేల్పు గుడిసె ముందు, ప్రమీలకూ తమ్ముడు గోపాలుకూ మధ్య నిలబడి, నుదుట బొట్టు పెట్టుకుని, రెండు చేతులూ జోడించి ఉన్నాడు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, నమ్మకం పుట్టించే నవ్వు.

జంపక్క చూసింది. ఫోన్‌ను అట్లాగే తీసుకెళ్లి మొగుడి ముందు పెట్టింది.

బొజ్జయ్య ఫోన్ దగ్గరగా పట్టుకుని చూశాడు. వేలితో తుడిచాడు, ఆముదం అంటుకుని బొమ్మ మసకబారింది. జంపక్క కొంగుతో తుడిచి మళ్లీ పెట్టింది.

"నీకు ఏమైతడన్నవ్ పిల్లా?"

"అన్న."

"మీది ఏ గట్టు?"

"మూడోది. నీకు తెల్వదా మామా? అందుకే గద నిన్ను మామ అంటున్న."

"వీనిది?"

"మూడే. మా వేల్పుకు మొక్కిండు గద, చూడు."

బొజ్జయ్య ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "నాకు తమ్ముడు," అన్నాడు మెల్లగా. "నాకు తమ్ముడైతే నీకు మామ కావాలె. నీకు అన్న ఎట్లయిండు?"

ఒక మనిషి ఒకే కడుపున పుడతాడు, ఒకే గట్టులో పుడతాడు. ఆ పిల్ల ముందు జంపక్కను చూసింది, తర్వాత రాజేష్‌ను చూసింది. జ్వరమొచ్చి తిరిగొచ్చాడని విన్న రాజేష్‌ను ఇప్పుడు సరిగ్గా చూసింది. అతని ముంజేతుల మీద మచ్చలు జ్వరానివి కావు.

"మా గోపాలు..." అంది.

"పోడు," అన్నాడు రాజేష్. "నేను చెప్త. ఆడ ఏమైతదో అంత కూసోబెట్టి చెప్త. దాసుకోను. ఆడు పోడు."

బొజ్జయ్య లేచాడు. మోకాలు పట్టుకుని కుండ దాకా కుంటుతూ నడిచి, చేతులకున్న ఆముదమంతా మట్టితో రుద్ది కడుక్కున్నాడు. ఐదో గట్టు వేల్పు పేరు చెప్పగానే చెంపలేసుకున్న మనిషి మూడో గట్టు వేల్పుకూ మొక్కాడు. కొడుకును తీసుకుపోయినప్పుడు కూడా ముసలాయనకు ఇంత నొప్పి కలగలేదని కాదు. అప్పటి నొప్పికి ఎవరిని తిట్టాలో తెలియలేదు, ఇప్పుడు తెలిసింది. తిరిగొచ్చి కొడుకు ముందు ఆగాడు.

"నీకిచ్చిన కాగితంల గిట్లనే రాసి ఉన్నదా? ముందు అడగాలె, మనం గూడ గదే అనాలె అని?"

"అవ్ నాయినా."

"నీ కాగితమే వాడు నా ముందట చదివిపోయిండు. రెండేండ్ల కిందనే."

రాజేష్ ముఖం ముడుచుకుపోయింది. ఇల్లు చేరినప్పటి నుంచీ ఏడవని పిల్లవాడు అప్పుడు ఏడ్చాడు. బొజ్జయ్య తడి చెయ్యి అతని తల మీద పెట్టి అట్లాగే ఉంచాడు. జంపక్క కూడా ఏడ్చింది. పసుపు మీద చారలు పడ్డాయి. ఇప్పుడే కదా పూసుకున్నది, పాడైపోతుందని ఆమే తిట్టుకుంది.

"తియ్యి బిడ్డా కాగితం," అన్నాడు బొజ్జయ్య, మంచం మీద కూర్చుంటూ. "రాసుకో. శ్రీను. కారు తెల్లది, నంబరు నా కొడుకు చెప్తడు. తమ్ముడని ఇన్ని దినాలు కడుపుల దాసుకున్న. వాడు నా తమ్ముడు కాదు."

మూడు వారాలుగా ఎదురుచూసిన రెండక్షరాలు కాగితం మీద పడినప్పుడు హెప్సిబాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మంచం మీద కూర్చునే ఉంది గానీ, లేచి జంపక్కతో కలిసి నాలుగడుగులు ఆడాలనిపించింది. బొజ్జయ్య వయోజన పాఠశాలలో నేర్చుకున్న సంతకాన్ని నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి పెట్టాడు. కింద రాజేష్ పెట్టాడు. ఎవరూ అడగకుండానే ప్రమీల కూడా పెట్టింది.

ఇక మిగిలింది శ్రీను. హెప్సిబా స్టేషన్‌కు ఫోన్ చేసింది. జీపు ఎంత తోలినా ముప్పావుగంట. శ్రీను కారు పావుగంట. ఇక్కడున్నది మామూలు బట్టల్లో స్కూటీ మీద వచ్చిన ఒక్క ఎస్సై, మోకాలి నొప్పి ముసలాయన, మూడు వారాలుగా గడప దాటని కుర్రాడు. వాడికి ఏ మాత్రం వాసన తగిలినా కారు తిప్పి చింతూరు దారి పడతాడు, ఆ తర్వాత ఇంకో పేరుతో ఇంకో గూడెంలో ఇంకో గట్టు వాడవుతాడు.

"రావొద్దని చెప్పనా మేడం?" ప్రమీల ఫోన్ అందుకుంది.

"వద్దు. రానియ్యి. ఎట్ల ఆపాల్నో చూస్త."

జంపక్క ఆమెను వింతగా చూసింది. "పొద్దుగాల్నుంచి మేమేం చేస్తున్నమనుకున్నవ్ బిడ్డా? ఆపుడే గద మా పని. ఇయ్యాల ఆ రోడ్డు మీద మమ్ముల దాటి ఎవడు పోతడు?"

నిజమే. జిల్లా మొత్తం మీద ఆ పూట అంతకన్నా గట్టి చెక్‌పోస్టు లేదు.

"కానీ ఎవ్వరూ వాని మీద చెయ్యి వెయ్యొద్దు. అట్లయితేనే ఆపుండ్రి," అంది హెప్సిబా.

"చెయ్యెందుకు? నోరున్నది గద," అంది జంపక్క.

రాజేష్ పెరట్లోంచి పచ్చి వెదురు తెచ్చాడు. ఎవరికో ఇచ్చి లోపలికి వెళ్తాడనుకున్నారు. భుజాన పెట్టుకుని అతనే రోడ్డు దారి పట్టాడు. జంపక్క వెనక నుంచి ఆ నడక చూసి, ఏమైనా అంటే ఆగిపోతాడేమోనని నోరు మెదపలేదు.

కల్వర్టు దగ్గర రెండు గూడేల ఆడవాళ్లూ ముప్పైమంది దాకా ఉన్నారు. జంపక్క వాళ్లకు కోయ మాటల్లో ఏదో చెప్పింది. హెప్సిబాకు అర్థమైంది ఒక్క 'గట్టు' అన్న మాటే. వింటున్నకొద్దీ వాళ్ల నవ్వులు ఆగిపోయాయి. తర్వాత ఒక పెద్దావిడ హెప్సిబాను దగ్గరకు లాక్కుని ముఖం నిండా పసుపు పూసేసింది. పోలీసు కళ పోయింది. తనను ఈ వేషంలో ఖమ్మంలో ఉన్న అమ్మ చూస్తే ఆదివారం ప్రార్థన మొత్తం తన పేరు మీదే జరుగుతుందని హెప్సిబా లోపల నవ్వుకుంది. బొజ్జయ్య కల్వర్టు గోడ మీద కాళ్లు చాపి కూర్చున్నాడు, పంచాయితీ పెద్దలాగా.

ఒక ట్రాక్టరు వచ్చింది, మామిడికాయల గంప దింపి పోయింది. ఒక పెళ్లి జీపు వచ్చింది, తమలపాకులిచ్చి పోయింది. పాట ఆగలేదు. వంపు దగ్గర తెల్లకారు కనబడింది. దాని వెనకే, కాస్త దూరంలో, భద్రాచలం బస్సు.

కర్ర వాలింది. కారు ఆగింది. వెనకే బస్సు వచ్చి ఆనుకుని ఆగి, హారన్ కొట్టి, పండుగ గుర్తొచ్చి ఊరుకుంది. కారుకు ఇక ముందు దారి లేదు, వెనక దారి లేదు.

అద్దం దిగింది. ఫోటోలో ఉన్న నవ్వే.

"ఏం చెల్లీ, అన్న దగ్గర గూడ వసూలేనా?" అన్నాడు శ్రీను.

ప్రమీల కర్ర వదల్లేదు, నవ్వలేదు. రెండో వైపు అద్దం మీద ఎవరో వేళ్లతో తట్టారు. పసుపూ బూడిదా పూసుకున్న ఒక ముఖం, బుగ్గల మీద చారలు. కానుకకే అనుకుని ఆ అద్దం కూడా దింపాడు.

"ఏం మరిదీ, బాగున్నవా?" అంది జంపక్క.

ఆ గొంతు పోల్చుకోవడానికి శ్రీనుకు ఒక్క క్షణం పట్టింది. ఈ వదిన ఆమె గూడెం కర్ర దగ్గర ఉండాలి, ఆ చెల్లెలు వాళ్ల గూడెం కర్ర దగ్గర ఉండాలి. ఒకే కర్రకు ఇద్దరూ ఎట్లా వచ్చారో అతనికి అంతు పట్టలేదు. చెయ్యి గేరు మీదికి పోయింది. అద్దంలో బస్సు కనబడింది. కల్వర్టు మీద బొజ్జయ్య, పక్కన రాజేష్ కనబడ్డారు. జేబులోంచి నోటు తీశాడు.

"పైసలొద్దు," అంది జంపక్క. "పండుగ పూట ఒక్క మాట చెప్పిపో."

పాట ఆగింది. ముప్పైమంది ఆడవాళ్లు కారు చుట్టూ దగ్గరగా జరిగారు. బస్సులోంచి జనం తలలు బయటపెట్టారు. హెప్సిబా ముందు తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"నీది ఏ గట్టు?"

ఇన్నేళ్లుగా, ఎన్ని గూడేలు తిరిగినా, ఆ మాట ముందు అడిగింది శ్రీనే. ఈసారి ముందు అడిగింది జంపక్క. అతను ఇటు చెల్లెలి ముఖం చూశాడు, అటు వదిన ముఖం చూశాడు. మూడంటే వదిన దగ్గర దొరుకుతాడు, ఐదంటే చెల్లెలి దగ్గర దొరుకుతాడు. పెదాలు తడుపుకుని నోరు తెరిచాడు.